పద్దులో తప్పిపోయిన పాట

మా ఇంట్లో కంప్యూటరుకు పన్నెండేళ్ళు నిండాయి. 2013లో హోసూరులోనే కొన్నాను. మనిషికైతే పన్నెండేళ్ళంటే నిక్కర్లు వేసుకునే వయసు. కంప్యూటరుకు అది కాటికి కాళ్ళు చాచుకున్న వయసు. అయినా పాపం నడుస్తూనే ఉంది. నేనూ వదల్లేదు. చివరికి విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోతాయన్న కబురు వచ్చింది. విండోస్ 11 వేసుకుందామంటే దానికి టీపీఎం 2.0 అనే ఏర్పాటు ఉండాలట. మా ముసలిదానికి అది లేదు.

బెంగళూరులో ఉన్న మా అబ్బాయి దసరాకు వచ్చి, "కొత్తది బుక్ చేసేసినాను నాయనా. దీంట్లో ఉండేదంతా దాంట్లోకి మార్చుకునేది అరగంట పని" అన్నాడు.

అరగంట పని అన్న మాట వింటే నాకు భయం. ముప్పై నాలుగేళ్ళ బ్యాంకు ఉద్యోగంలో ఎన్నో బదిలీలు చూశాను. సామాను లారీకి ఎక్కించడం నిజంగానే అరగంట పని. చేరిన ఊళ్ళో దువ్వెన ఏ పెట్టెలో ఉందో తెలియడానికి నెల పడుతుంది.

నా కంప్యూటరులో నేను రోజూ వాడేది ఫైల్ మేనేజరు. ఫైళ్ళను చూపించి, అటూ ఇటూ సర్దిపెట్టే ప్రోగ్రాము అది. దాని మీద నాకింత మమకారం ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. బ్యాంకుల్లో కంప్యూటర్ల గురించి రంగరాజన్ కమిటీలు 1984లో ఒకటి, 1989లో ఒకటి నివేదికలిచ్చాయి. ఆ నీళ్ళు మా తాలూకా శాఖ దాకా పారడానికి 1990లు సగం గడిచాయి. వచ్చిన యంత్రంలో నార్టన్ కమాండర్ అనే ప్రోగ్రాము ఉండేది. 1986లో పుట్టినది. నీలం తెర, మధ్యలో గీత, అటొక గడి ఇటొక గడి. మన జమాఖర్చుల పుస్తకంలాగే రెండు పక్కలు! బీకాం చదివినవాడికి అంతకన్నా చక్కని బొమ్మ ఏముంటుంది? ఎఫ్5 నొక్కితే ఇటు ఫైలు అటు నకలవుతుంది. ఎఫ్6 నొక్కితే ఇక్కడ పోయి అక్కడ చేరుతుంది.

అప్పటి మా మేనేజరు గారు, కంప్యూటరు గురించి ఏమీ తెలియని పెద్దాయన, ఒక్క మాట చెప్పారు. "ఎఫ్6 జోలికి పోవద్దయ్యా. ఎఫ్5 కొట్టు, రెండు పక్కలా లెక్క చూసుకో, ఆ తర్వాతే పాతది తీసెయ్." ఆ మాట నేను ముప్పై ఏళ్ళు పాటించాను. ఒక్కసారి తప్పాను. ఈ వ్యాసం ఆ ఒక్కసారి గురించి.

ఇంటి కంప్యూటరులోనూ రెండు గళ్ళ అలవాటు పోక డైరెక్టరీ ఓపస్ అనే దాన్ని వాడుతున్నాను. ఆస్ట్రేలియాలో పుట్టింది. 1990లో అమీగా అనే కంప్యూటరు కోసం చేశారు. తర్వాత విండోస్‌లోకి వచ్చింది. బొత్తాలు, రంగులు, వరసలు అన్నీ మన ఇష్టం ప్రకారం పెట్టుకోవచ్చు. కొన్నేళ్ళుగా నేను దాన్ని మా వంటింటి అలమరలా సర్దుకున్నాను. చీకట్లో చెయ్యి పెట్టినా ఉప్పు డబ్బా తగలాలి.

అందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కలెక్షను. పైకి ఫోల్డరులాగే కనిపిస్తుంది గాని ఫోల్డరు కాదు. ఫోల్డరులో ఫైలు ఉంటుంది. కలెక్షనులో ఆ ఫైలు ఫలానా చోట ఉందన్న చిరునామా మాత్రమే ఉంటుంది. ఒకే ఫైలును మూడు కలెక్షన్లలో చేర్చవచ్చు, అయినా డిస్కు మీద అది ఒక్కటే. కలెక్షనులోంచి పేరు కొట్టేసినా ఫైలు తన చోట తాను ఉంటుంది. బ్యాంకు భాషలో చెప్పాలంటే ఫోల్డరు లాకరు, కలెక్షను లాకర్ల రిజిస్టరు. రిజిస్టరు చేతిలో ఉంటే నగలు చేతిలో ఉన్నట్టు కాదు. ఈ తేడా నాకు తెలుసు. తెలిసి కూడా ఏం చేశానో చూడండి.

నాకు నాలుగు కలెక్షన్లు ఉన్నాయి. ఒకటి ఇంటి పత్రాలు. రెండోది పెళ్ళి పత్రికలు. మా వైపు బంధువుల ఇళ్ళ శుభలేఖలు, ఒక పక్క తమిళం, ఒక పక్క తెలుగు. ఏళ్ళు గడిచేకొద్దీ తెలుగు పక్క ఎలా చిన్నదై చివరికి ఇంగ్లీషుకు చోటిచ్చిందో వరసగా చూస్తే తెలుస్తుంది. మూడోది నేను రాసిన వ్యాసాలు. నాలుగోది అమ్మ పాటలు.

అమ్మది బేరికె దగ్గర పల్లె. మూడో తరగతి దాకా చదివింది, తెలుగులోనే. కూడబలుక్కుని చదివేది గాని పాట ఎత్తుకుంటే తడబాటు లేదు. జోలపాటలు, నలుగు పాటలు, రాగులు విసిరేటప్పటి పాటలు. 2014 సంక్రాంతి నుంచి 2016 దాకా, ఆమెకు ఓపిక ఉన్నప్పుడు, నా ఫోనులో పదకొండు పాటలు పట్టాను. 2018లో ఆమె పోయింది. ఫోను ఆ పాటలకు పేర్లు పెట్టలేదు, అంకెలు పెట్టింది. పైగా ఒక్కొక్కటి ఒక్కొక్క ఏడాది ఫోల్డరులో పడి ఉంది. అందుకే అన్నిటినీ 'అమ్మ పాటలు' అన్న కలెక్షనులో చేర్చుకున్నాను.

ఆ పదకొండు మాకు ఎందుకంత ముఖ్యమో ఈ పత్రిక చదివేవారికి విడమరిచి చెప్పనక్కర్లేదు. నేను హోసూరులో తెలుగు మీడియంలో చదివినవాణ్ణి. మా అబ్బాయిని ఇంగ్లీషులో చదివించాను. తమిళనాట 2006లో వచ్చిన చట్టం ప్రకారం తమిళం తప్పనిసరి చదువు ఏడాదికొక తరగతి చొప్పున పైకి జరిగి 2015-16కు పదో తరగతిని చేరింది. కానీ మావాడికి తెలుగు అక్షరం రాకపోవడానికి చట్టాన్ని అని లాభం లేదు, నేర్పనివాణ్ణి నేను. వాడికి మాట వచ్చు. వాడి కూతురికి రెండో ఏడు. దానికి అక్షరం అందకపోయినా పాటైనా అందాలని నా ఆశ.

ఇక మార్పిడి సంగతి. వాడు అరగంట అన్నాడు, నేను నాలుగు సాయంత్రాలు తీసుకున్నాను. డైరెక్టరీ ఓపస్‌లో సెట్టింగులన్నిటినీ ఒకే ఫైలుగా మూటకట్టి ఇచ్చే వీలుంది. ఆ మూటను పెన్ డ్రైవులో తెచ్చి కొత్త దానిలో విప్పితే నా బొత్తాలు, నా రంగులు యథాస్థానంలో ప్రత్యక్షమయ్యాయి. కలెక్షన్ల జాబితాలున్న ఫోల్డరును కూడా విడిగా నకలు తీసుకున్నాను. నా సరుకంతా పాతదానిలో డీ డ్రైవులో ఉండేది. దాన్ని కొత్తదానిలో రెండో డిస్కు మీదికి ఎక్కించాను.

ఒక చిక్కు వచ్చింది. 1999 నుంచి నాలుగేళ్ళు నేను టైపు చేసిన వ్యాసాలు తెరిస్తే తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాల కలగూరగంప కనిపించింది. కారణం తెలిసిందే. యూనికోడు మొదటి కూర్పులోనే, 1991లో, తెలుగుకు చోటిచ్చారు. కాని విండోస్‌తో పాటు గౌతమి అనే తెలుగు ఖతి మన ఇళ్ళకు రావడానికి 2001లో ఎక్స్‌పీ రావలసి వచ్చింది. ఆలోగా ఒక్కొక్క కంపెనీ ఇంగ్లీషు అక్షరాల చోట్లలో తనకు తోచినట్టు తెలుగు ముక్కలను కూర్చోబెట్టింది. ఆ ఖతి ఉంటేనే అది తెలుగు, లేకపోతే గజిబిజి. పాత యంత్రంలోంచి ఆ ఖతిని వెతికి తెచ్చి వేశాను. వ్యాసాలు మళ్ళీ తెలుగులో పలికాయి. అప్పుడు నాకు కొంచెం గర్వం కలిగిన మాట నిజం.

చివర లెక్క చూసుకున్నాను. పాత డీ డ్రైవులో 14,206 ఫైళ్ళు. కొత్త డిస్కులో 14,206. బైట్లతో సహా సరిపోయింది. కలెక్షన్ల పేర్లు నాలుగూ ఎడమ పక్కన బారులు తీరి ఉన్నాయి. వాటిని తెరిచి చూడలేదు. పేరు ఉంది కదా అనుకున్నాను.

మా ఆఫీసు అటెండరు కూతురు బీసీఏ చదువుతోంది. ఇంట్లో కంప్యూటరు లేదు. పాతది ఆ పిల్లకిచ్చాను. "ఇందులో లైనక్స్ వేసుకోవచ్చా సార్?" అని తమిళంలో అడిగింది. "నీ ఇష్టం తల్లీ, అంతా తుడిచేసి వేసుకో" అన్నాను. అంటే ఎఫ్6 నొక్కాను.

కార్తీకంలో అమ్మ తిథికి దేన్కణికోట నుంచి అక్క వచ్చింది. భోజనాలయ్యాక, "ఏమిరా, అమ్మ పాటలు రవంత పెట్టు, విని శానా దినాలాయె" అంది. మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని కొత్త కంప్యూటరు ముందు కూర్చున్నాను. 'అమ్మ పాటలు' మీద నొక్కాను. ఖాళీ.

అక్క కళ్ళజోడు సర్దుకుని తెర వైపు వంగింది. "అమ్మ పేరు పెట్టినావు, లోపల ఏమీ లేదే!"

పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టయింది. మిగతా మూడూ నొక్కాను. అవీ ఖాళీయే. చెమటలు పట్టాయి గాని కాసేపటికి కారణం తట్టింది. కలెక్షనులో ఉన్న చిరునామాలన్నీ డీ అక్షరంతో మొదలవుతాయి. కొత్త యంత్రంలో డీ అన్న అక్షరం మెమరీ కార్డు పెట్టే గడికి పోయి, నా డిస్కుకు ఈ అక్షరం వచ్చింది. ఉత్తరం సరైన వీధికే వెళ్ళింది, ఇంటి నంబరు మారిపోయింది. తప్పు ప్రోగ్రాముది కాదు, నేను చూసుకోలేదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్ళి కార్డు గడికి వేరే అక్షరమిచ్చి, నా డిస్కుకు డీ ఇచ్చాను. పెన్ డ్రైవులో ఉన్న కలెక్షన్ల నకలు మళ్ళీ తెచ్చి పెట్టి, ప్రోగ్రాము తెరిచాను. పాటలు వచ్చాయి. అక్క నవ్వింది. నేను లెక్కపెట్టాను.

తొమ్మిది.

మళ్ళీ లెక్కపెట్టాను. తొమ్మిదే. రెండు లేవు. జాబితా ఫైలును విప్పి లోపలి చిరునామాలు చదివితే అసలు సంగతి బయటపడింది. ఆ రెండు పాటలూ డీ డ్రైవులో ఎన్నడూ లేవు. 2016లో చివరగా పట్టిన పాటలవి. అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళే హడావిడిలో ఫోనులోంచి తీసి డెస్క్‌టాప్ మీద పడేశాను. తర్వాత తీసి సర్దుదామనుకుని, ముందుగా కలెక్షనులో చేర్చాను. కలెక్షనులో పదకొండూ ఒక్క వరసలో కనిపిస్తుంటే ఏది ఏ ఇంట్లో కాపురముందో ఎవరు చూస్తారు? తొమ్మిదేళ్ళు అవి డెస్క్‌టాప్ మీద, సీ డ్రైవులో ఉండిపోయాయి. నేను డీ డ్రైవు నకలు తీశాను, డీ డ్రైవు లెక్క చూసుకున్నాను. లెక్క సరిపోయింది. సరిపోకేం చేస్తుంది?

బీకాం మొదటి ఏడాదిలోనే ఈ పాఠం చెబుతారు. ట్రయల్ బ్యాలెన్సు రెండు పక్కలా సరిపోయినంత మాత్రాన లెక్క సరైనదని కాదు. ఒక పద్దును అసలు పుస్తకంలోకే ఎక్కించకపోతే అది డెబిట్‌లోనూ ఉండదు, క్రెడిట్‌లోనూ ఉండదు. రెండు పక్కలూ చక్కగా సరిపోతాయి. ఆ తప్పును ట్రయల్ బ్యాలెన్సు ఎన్నటికీ పట్టదు. పరీక్షలో ఈ ప్రశ్నకు నాకు నిండు మార్కులు వచ్చాయి.

ఆఫీసులో కూడా ఒకసారి ఇది అనుభవమైంది. 2006లో నేను పనిచేసిన శాఖలో లెడ్జర్లలోని ఖాతాలను కోర్ బ్యాంకింగులోకి ఎక్కించాం. రాత్రి రెండు గంటలకు నిల్వలు పైసాతో సహా ట్యాలీ అయ్యాయి. మిఠాయిలు పంచుకున్నాం. రెండు నెలల తర్వాత, పింఛను తీసుకునే ఒక ముసలామె రావడం లేదని గమనించాను. పాత లెడ్జరు తీసి చూస్తే ఆమె పుట పైన ఎవరో పాత గుమాస్తా పెన్సిలుతో రాసి ఉన్నాడు: చూపు ఆనదు, చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి అని. పేరు, నంబరు, నిల్వ కంప్యూటరులోకి ఎక్కాయి. పెన్సిలు రాతకు అందులో గడి లేదు. కొత్త కుర్రాడు ఆమెకు ఫారం ఇచ్చి నింపుకు రమ్మన్నాడట. ఆమె మళ్ళీ రాలేదు. ఇంటికి కబురుపెట్టి పిలిపించాం. డబ్బు ఇచ్చాం గాని, రెండు నెలలు ఆమె ఎలా గడుపుకుందో నేను అడగలేదు. అడగడానికి మొహం చెల్లలేదు.

ఆ సాయంత్రమే అటెండరు ఇంటికి వెళ్ళాను. ఆ పిల్ల కంప్యూటరు ముందే ఉంది. తెర మీద లైనక్స్. నా మొహం చూసి భయపడిపోయింది. డిస్కంతా తుడిచి, కొత్తగా భాగాలు చేసి, దాని మీద తన కాలేజీ పని నెల రోజులుగా రాసుకుంటోంది. పోయిన ఫైళ్ళను వెతికే ప్రోగ్రాములు రెండు మూడు తెచ్చి, రెండు రాత్రులు తానే కూర్చుని వెతికింది. అచ్చులేని ముక్కలు కొన్ని దొరికాయి, వాటిలో పాట లేదు. "మీరు తుడిచెయ్యమన్నారు కదా సార్" అని ఒక్కసారైనా అనలేదు. అనదగిన మాటే అది.

పోయిన రెండింటిలో ఒకటి జోలపాట. దాన్ని అప్పట్లో అక్క కూతురికి పంపాను. ఆమె కాన్పు రోజుల్లో విన్నదట, ఇంకా ఫోనులో దాచుకుంది. వచ్చింది. పది.

పదకొండోది రాగులు విసిరే పాట. చాలా పొడుగు. అందులో ఊళ్ళ పేర్లు వరసగా వస్తాయి. ఒక్కొక్క ఊరి దగ్గర ఒక్కొక్క సంగతి. ఒక ఊళ్ళో బావి నీళ్ళు ఇచ్చారు, ఒక ఊళ్ళో ఇవ్వలేదు, ఒక ఊళ్ళో బిడ్డ పుట్టింది. అమ్మకు అది వాళ్ళ అవ్వ దగ్గర వచ్చింది. మావాళ్ళు మొరసునాడుకు దిగివచ్చిన దారి అదేనని అమ్మ చెప్పేది. నిజమో కాదో నాకు తెలియదు. మా ఇంట్లో భూమి కాగితాలున్నాయి, శుభలేఖలున్నాయి, నా సర్టిఫికెట్లున్నాయి. మేము ఎక్కణ్ణుంచి వచ్చామో చెప్పే కాగితం లేదు. ఉన్నది ఆ పాట ఒక్కటే. అది కూడా చిరునామాల జాబితాయే అని ఇప్పుడు అనిపిస్తోంది.

అక్క వెళ్ళేలోగా మేమిద్దరం వరండాలో కూర్చుని ఆ పాటను లాగడానికి ప్రయత్నించాం. వరస ఇద్దరికీ వచ్చు. మాటలు రావు. "పెనుగొండతో ఎత్తుకునేది రా, అది నిజం" అంది అక్క. చివర మాలూరు అని నాకు గట్టిగా గుర్తు. లేపాక్షి మధ్యలో ఎక్కడో ఉందని ఇద్దరం ఒప్పుకున్నాం. బిడ్డ పుట్టిన ఊరు ఏదన్న దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది. అమ్మ ఉన్నన్నాళ్ళు మేము దాన్ని నేర్చుకోలేదు. రికార్డు చేశాం కదా అనుకున్నాం. రికార్డు చేశాక, కలెక్షనులో ఉంది కదా అనుకున్నాం.

అక్క పాడినంత మేరకు, ఖాళీలతోనే, ఫోనులో పట్టాను. మధ్యలో ఆగి, "ఇక్కడ ఏమొస్తుందిరా?" అని ఆమె అడగడం కూడా అందులో ఉంది. తీసెయ్యలేదు.

ఇప్పుడు ఆ పాటలన్నీ ఒకే ఫోల్డరులో ఉన్నాయి, అసలు ఫైళ్ళతో సహా, ప్రతి ఫైలుకూ తెలుగులో పేరుతో. ఒక నకలు మా అబ్బాయి దగ్గర, ఒకటి అక్క ఇంట్లో. కలెక్షన్లు మానలేదు. అవి మంచివే. కాని కొత్త యంత్రానికి మారేవారికి నా చేతులు కాలాక తెలిసిన మూడు మాటలు చెబుతాను. జాబితా తెచ్చుకునే ముందు, అందులోని ప్రతి చిరునామా ఏ డ్రైవులో ఉందో ఒక్కసారి చదవండి. మారాక పేరు చూసి తృప్తిపడకుండా తెరిచి వినండి. పాత యంత్రాన్ని ఒక ఏడాది, కనీసం ఇంట్లో ఒక తిథీ ఒక పండగా గడిచేదాకా, అటక మీద ఉంచండి. మనకు ఏది లేదో అలాంటి రోజునే తెలుస్తుంది.

ఇంకొక్క మాట, ఇది అడగడానికే ఇంత రాశాను. బేరికె, బాగలూరు, తళి వైపు గాని, సరిహద్దు దాటి మాలూరు వైపు గాని, మీ ఇంట్లో పెద్దవాళ్ళు రాగులు విసురుతూ పాడిన పాటల్లో పెనుగొండతో మొదలై మాలూరుతో ముగిసే ఊళ్ళ వరస ఉందేమో అడిగి చూడండి. ఉంటే ఈ పత్రికకు రాయండి. మాటలు పూర్తిగా గుర్తు లేకపోయినా ఫర్వాలేదు, ఊళ్ళ పేర్లు చాలు. అక్కా నేనూ ఒక కాగితం మీద మూడు పేర్లు రాసి, మిగతావాటికి చోటు వదిలి పెట్టుకున్నాం.